చదివింపుల పుస్తకం తెరిచి సినిమా తీయడం: బెంగళూరు తెలుగువాళ్లకు క్రౌడ్ ఫండింగ్ మార్గదర్శి

మా అక్క పెళ్లి నాటి చదివింపుల పుస్తకం ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. పొడుగాటి ఖాతా పుస్తకం, నాలుగు మూలలా పసుపు. పేరు, ఊరు, ఎంత ఇచ్చారు: మూడే గళ్లు. బంధువుల్లో ఎవరింట శుభకార్యం వచ్చినా అమ్మ ముందు ఆ పుస్తకం తీస్తుంది. వాళ్లు మనకెంత చదివించారో చూసి, దానిమీద కాస్త వేసి కవరు కడుతుంది.

నేను మారతహళ్లిలో ఉంటాను. వారానికి ఐదు రోజులు ఆఫీసు, మిగతా రెండు రోజులు సినిమా. అలా 38 నిమిషాల తెలుగు సినిమా ఒకటి తీశాను. దానికి డబ్బు 126 మంది ఇచ్చారు. మొదలుపెట్టేటప్పుడు క్రౌడ్ ఫండింగ్ అంటే ఇంటర్నెట్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు మన కథ చదివి కరిగిపోయి డబ్బు పంపడం అనుకున్నాను. తీరా చూస్తే అది చదివింపులే. మనల్ని ఎరిగినవాళ్లు ఇస్తారు. వాళ్ల పేరు రాసుకోవాలి. తిరిగి ఇవ్వాల్సింది తిరిగి ఇవ్వాలి. కెమెరా పట్టుకోవడం వచ్చినవాడు కాదు, ఆ పుస్తకం సరిగ్గా రాయగలిగినవాడే దీన్ని గట్టెక్కిస్తాడు. కింద చెప్పేదంతా ఆ పుస్తకం రాసే పద్ధతే.

ముందు, ఇదివరకు చేసినవాళ్ల సంగతి

1976లో శ్యామ్ బెనెగల్ 'మంథన్' తీసినప్పుడు గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు 5 లక్షల మంది మనిషికి 2 రూపాయలు ఇచ్చారు. సినిమా విడుదలయ్యాక వాళ్లే ఊళ్లనుంచి బళ్లెక్కి చూడటానికి వచ్చారు. డబ్బిచ్చిన జనమే ప్రేక్షకులయ్యారు. 1986లో మలయాళంలో జాన్ అబ్రహాం, ఒడెస్సా అనే బృందం కలిసి ఊరూరా జనం దగ్గర చందాలు పోగుచేసి 'అమ్మ అరియాన్' తీశారు. అప్పటికి ఇంటర్నెట్టూ లేదు, క్యూఆర్ కోడూ లేదు.

మన ఊరి ఉదాహరణ 2013 నాటి కన్నడ సినిమా 'లూసియా'. దర్శకుడు పవన్ కుమార్ తన బ్లాగులో విషయం రాస్తే 27 రోజుల్లో సుమారు 51 లక్షలు వచ్చాయి. ఇచ్చినవాళ్లు 110 మంది. ఈ కథ చెప్పేవాళ్లంతా 27 రోజుల దగ్గర ఆగిపోతారు. అతను అప్పటికే 2011లో ఒక సినిమా తీసి విడుదల చేశాడన్నది మర్చిపోతారు. తెలుగులో 2018లో వచ్చిన 'మను'ది కూడా అదే దారి. వందమందికి పైగా డబ్బు పెట్టారు, కానీ దర్శకుడు ఫణీంద్ర నర్సెట్టి లఘుచిత్రాలు అప్పటికే యూట్యూబ్‌లో జనం చూసేశారు. జనం కొత్తవాడికి ఇవ్వరని కాదు. ఏదో ఒకటి చూశాకే ఇస్తారు. మీరు ఇప్పటిదాకా ఏమీ తీయకపోతే ముందు ఫోన్‌తోనైనా ఐదు నిమిషాల సినిమా తీసి, పూర్తి చేసి, నలుగురికి చూపించండి. ఇక్కడ తీయడం కంటే పూర్తి చేయడం ముఖ్యం.

మొదటి మెట్టు: ఏమని అడుగుతున్నారో తేల్చుకోండి

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. ఒక శుక్రవారం రాత్రి ఉత్సాహం ఆపుకోలేక వాట్సాప్ స్టేటస్ పెట్టాను: 'పాతిక వేలు పెట్టండి, మా సినిమాలో భాగస్వామి అవ్వండి, లాభం వస్తే వాటా!' పది నిమిషాల్లో విజయవాడ నుంచి మా బావ ఫోన్. ఆయన సీఏ. హలో కూడా అనలేదు. "ముందు ఆ స్టేటస్ తీసెయ్ రా. తర్వాత మాట్లాడదాం."

తర్వాత ఆయన చెప్పింది ఇది. డబ్బు మూడు రకాలుగా అడగొచ్చు. ఒకటి, ఉత్త చందా: ఇచ్చినవాళ్లకు థాంక్స్ తప్ప ఏమీ రాదు. రెండు, ప్రతిఫలం ఇచ్చే పద్ధతి: డబ్బుకు బదులు తెరమీద పేరు, సినిమా లింకు, పోస్టర్, ప్రదర్శనకు పిలుపు. మూడు, వాటా: లాభంలో భాగం. మొదటి రెండూ మనలాంటివాళ్లు చేసుకోవచ్చు. మూడోది స్టేటస్‌లో పెట్టే వ్యవహారం కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ షేర్లు ఇవ్వజూపాలన్నా ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించకూడదు. వాళ్లెవరో ముందే గుర్తించి ఉండాలి. బహిరంగంగా ప్రకటన ఇవ్వకూడదు. లాభం ఆశ చూపి ఊరందరి దగ్గరా సొమ్ము పోగుచేస్తే సెబీ, అంటే స్టాక్ మార్కెట్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, అడ్డుపడొచ్చు. 'మీ డబ్బు ఇంతకు ఇంత తిరిగి ఇస్తాను' అని రాశారా, అనుమతిలేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టం ఉంది. ఆన్‌లైన్ వేదికల మీద షేర్లు అమ్మి డబ్బు పోగుచేసే వ్యవహారానికి తన అనుమతి లేదని సెబీ 2016లోనే హెచ్చరించింది.

కాబట్టి రెండో పద్ధతి పట్టుకోండి. పేజీలో, మెసేజ్‌లో, మాటల్లో ఎక్కడా 'పెట్టుబడి', 'లాభం', 'రిటర్న్స్' అన్న మాటలు రానివ్వకండి. నిజంగా ఎవరైనా పెద్ద మొత్తం పెట్టి వాటా అడిగితే వాళ్లతో విడిగా, లాయర్ ముందు, కాగితం మీద. ఆ వ్యవహారాన్ని క్రౌడ్ ఫండింగ్‌తో కలపొద్దు.

రెండో మెట్టు: బడ్జెట్, అందులో రెండో టీ

మొదట కథనే బడ్జెట్‌కు తగ్గట్టు రాసుకోండి. మా కథ: ఊరినుంచి కొడుకు దగ్గరికి వచ్చిన తండ్రి, ఒక్క ఫ్లాటు, ఒక్క రాత్రి. ఇది కళాదృష్టి కాదు, మాకున్న ఫ్లాటు ఒక్కటే. స్క్రిప్టులో ఒక పేజీకి సుమారు ఒక నిమిషం అని లెక్క వేసుకుని, రోజుకి ఎన్ని పేజీలు తీయగలరో చూసుకుంటే ఎన్ని రోజుల షూటింగో తేలుతుంది. ఆ రోజుల మీదే కెమెరా, లెన్సులు, లైట్ల అద్దె, మనుషుల బేటాలు (రోజువారీ భత్యాలు), వాహనాలు, భోజనాలు అన్నీ ఆధారపడతాయి.

భోజనాల లెక్క చూపిస్తాను, ఎందుకంటే అందరం బోల్తా పడేది అక్కడే. 22 మంది, 4 రోజులు. టిఫిన్ 50, మధ్యాహ్నం భోజనం 120, టీలు బిస్కెట్లు 30, రాత్రికి 110. మనిషికి రోజుకి 310, మొత్తం 27,280. దగ్గర్లోని ఆంధ్రా మెస్ ఆయనతో మాట్లాడి ధర ఖాయం చేసుకున్నాను కాబట్టి ఆ లెక్క సరిగ్గానే ఉంది. మూడో రోజు సాయంత్రం బెంగళూరు వాన వచ్చింది. కిటికీ దగ్గర తీయాల్సిన సీన్లన్నీ ఆగిపోయాయి. షూటింగ్ ఐదో రోజుకి పాకింది. అంటే ఇంకో 6,820. రాత్రి పన్నెండు దాటితే లైట్‌మెన్‌కి రెండో టీ కావాలి, ఆ గడి నా లెక్కల్లో లేనే లేదు. వానాకాలంలో ఇక్కడ షూటింగ్ పెట్టుకునేవాళ్లు మొత్తం మీద 15 శాతం పక్కన పెట్టుకోండి. 10 చాలదు.

షూటింగ్ తర్వాతి ఖర్చులు చాలామంది కాగితం మీద వేయరు: ఎడిటింగ్, డబ్బింగ్, డీఐ (రంగులు సరిచేయడం), రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్, సబ్‌టైటిళ్లు, ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు, థియేటర్‌లో వేయాలంటే డీసీపీ (థియేటర్ ప్రొజెక్టర్‌కి ఇచ్చే డిజిటల్ కాపీ). కంప్యూటర్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు వెళ్లి రెండు హార్డ్ డిస్కులు కొనండి. ఒకటి కాదు, రెండు. ఒకే డిస్కు మీద మొత్తం సినిమా పెట్టుకుని బస్సెక్కినవాళ్ల కథలు వింటే నిద్ర పట్టదు. సినిమాలో కుక్క కనిపిస్తుందా? జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి, దానికీ ఖర్చుంది, వ్యవధి పడుతుంది. పాత్ర ఏదైనా పాత పాట రెండు లైన్లు కూనిరాగం తీస్తుందా? హక్కులు కొనాలి. మా తండ్రి పాత్రకు ఇష్టమైన పాట ఉండేది, హక్కుల రేటు విన్నాక ఆయన ఈల మాత్రమే వేశాడు. ఈల ట్యూన్ కూడా మా సంగీత దర్శకుడిదే.

ఇప్పుడు అడగాల్సిన మొత్తం. చేతికి 4,50,000 రావాలి. క్రౌడ్ ఫండింగ్ వేదిక (వెబ్‌సైటు) రుసుము, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే ఛార్జీలు, వాటి మీద జీఎస్టీ, ప్రతిఫలాలకు అయ్యే ఖర్చు అన్నీ కలిపి 15 శాతం పోతుందనుకుందాం. చాలామంది 4,50,000కి 15 శాతం కలిపి 5,17,500 అడుగుతారు. అందులో 15 శాతం పోతే మిగిలేది 4,39,875. పది వేలకు పైగా తక్కువ. కలపడం కాదు, 0.85తో భాగించాలి: 5,29,412. నేను 5,30,000 అడిగాను.

మూడో మెట్టు: పేర్ల జాబితా

నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. పేజీ కట్టకముందు, వీడియో తీయకముందు, ఒక ఆదివారం కూర్చుని పేర్లు రాయండి. ఫోన్ కాంటాక్టులు అ నుంచి క్ష దాకా. స్కూలు, ఇంజనీరింగ్ కాలేజీ, మొదటి కంపెనీ, రెండో కంపెనీ, పీజీ హాస్టల్లో పక్క మంచం కుర్రాడు, క్రికెట్ టీము, అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి కలిసే తెలుగు కుటుంబాలు. నావి 310 పేర్లు వచ్చాయి.

ఒక్కో పేరు ఎదురుగా మూడింటిలో ఒకటి రాయండి: 'అడగకపోయినా ఇస్తారు', 'అడిగితే ఇస్తారు', 'ఇవ్వరు కానీ పదిమందికి చెప్తారు'. తర్వాత ఎంత ఇవ్వగలరో కూడా రాయండి. ఆశపడి రాయొద్దు. ఇంటి ఈఎంఐ కడుతున్న స్నేహితుడి పక్కన పదివేలు రాస్తే అది మీ ఆశే, అతని స్తోమత కాదు. మొదటి రెండు వరసల మొత్తం మీకు కావాల్సిన డబ్బులో కనీసం సగం రాకపోతే లక్ష్యం తగ్గించండి, లేదా ఇంకో ఆరు నెలలు ఆగండి. బయటివాళ్లు వచ్చి మిగతా సగం నింపుతారన్న నమ్మకం నాకు లేదు. మిగతాది కూడా ఎక్కువగా వీళ్ల ద్వారా తెలిసినవాళ్ల నుంచే వస్తుంది.

బయటివాళ్ల మీద నేను చేసిన ప్రయోగం ఒకటుంది. మడివాలలో ఒక థియేటర్ ముందు, పెద్ద హీరో తెలుగు సినిమా విడుదల రోజు, క్యూఆర్ కోడ్ వేసిన కరపత్రాలు 500 పంచాను. వచ్చింది 2 రూపాయలు. ఇద్దరు చెరొక రూపాయి పంపారు, కోడ్ పనిచేస్తోందో లేదో చూడటానికి.

జాబితాలో కన్నడవాళ్లను వదిలేయకండి. తెలుగు సినిమాకి వాళ్లెందుకిస్తారని నేను ముందు వాళ్ల పేర్లే రాయలేదు. మా టీమ్ లీడ్ "నన్న హెసరు" అంటూ మొదలుపెట్టి, నా పేరెందుకు లేదని కన్నడంలో తిట్టినంత పని చేశాడు. చివరికి 126 మందిలో 19 మంది కన్నడిగులే. కన్నడ సబ్‌టైటిళ్లు వేస్తానని మాటిచ్చాను, వేశాను.

నాలుగో మెట్టు: డబ్బు ఎక్కడికి రావాలి

కిక్‌స్టార్టర్ పేరు అందరికీ తెలుసు. 2009 నుంచి ఉంది, లక్ష్యం చేరితేనే డబ్బు, చేరకపోతే ఎవరి ఖాతానుంచీ పైసా కదలదు. కానీ మన దేశంలో ఉన్నవాళ్లు మన బ్యాంకు ఖాతాతో అక్కడ ప్రాజెక్టు పెట్టడానికి లేదు. ఇక్కడి వేదికల్లో కెట్టో, మిలాప్ వంటివి పెద్దవి, మిలాప్ అయితే బెంగళూరుదే. వాటిలో ఎక్కువగా కనిపించేవి ఆసుపత్రి ఖర్చుల విజ్ఞప్తులు. గుండె ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న పసివాడి ఫొటో పక్కన మన సినిమా పోస్టర్ ఉంటే ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ఏ వేదికైనా సంతకం చేసేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: సినిమాలు తీసుకుంటారా, మొత్తం కోత ఎంత, లక్ష్యం చేరకపోతే ఏమవుతుంది, డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది.

లక్ష్యం ఐదారు లక్షల లోపయితే, ఇచ్చేవాళ్లంతా తెలిసినవాళ్లయితే, సొంత పేజీ ఒకటి పెట్టుకుని పేమెంట్ గేట్‌వే, యూపీఐ పెట్టుకోవడమే తేలిక. నేను చేసింది అదే. కోత తగ్గుతుంది, కానీ లెక్కల బరువు మొత్తం మీ నెత్తిన పడుతుంది.

జీతం పడే ఖాతాలో ఈ డబ్బు వేయించుకోకండి. కరెంట్ ఖాతా విడిగా తెరవండి. సొంత వ్యాపారం పేరుమీద తెరవడానికి బ్యాంకులు సాధారణంగా రెండు ఆధారాలు అడుగుతాయి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, అది ఒక ఆధారంగా పనికొస్తుంది. డబ్బులు తీసుకుని చేయిస్తామనేవాళ్లు దొరుకుతారు, అక్కర్లేదు.

పన్ను సంగతి. బంధువులు కానివాళ్లనుంచి ఏడాదిలో బహుమతిగా వచ్చింది మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం మీద కాదు, మొత్తం మీద పన్ను పడుతుంది. అందుకే మా బావ దీన్ని వ్యాపార ఆదాయంగా చూపించి, ఎదురుగా సినిమా ఖర్చులు చూపించమన్నాడు. ప్రతి ఖర్చుకి బిల్లు ఉండాలన్న నియమం అక్కడినుంచే వచ్చింది. ప్రతిఫలం ఇస్తున్నాం కాబట్టి జీఎస్టీ ప్రశ్న కూడా వస్తుంది. సేవల వ్యాపారానికి ఏడాదికి 20 లక్షల లోపు ఉంటే సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం రాదు, కానీ మీ ఇతర ఆదాయాన్ని బట్టి మీ సీఏని అడగండి. ఆ గంటకి ఆయనకిచ్చే ఫీజు కూడా బడ్జెట్‌లో రాయండి. నా సీఏ బావ కాబట్టి ఫీజు కింద మా అక్కకి పట్టుచీర వెళ్లింది.

మనకు అమెరికా బంధువులుంటారు కదా, అక్కడ జాగ్రత్త. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళాల చట్టం కింద అది విదేశీ విరాళం కాదు. అదే అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) మీద ఉంటే, చట్టం దృష్టిలో అది విదేశీ మూలం. రూపం అదే, పిలుపు అదే, లెక్క వేరు. అలాంటివాళ్ల డబ్బు తీసుకునేముందు సీఏని అడగండి. నేను మా ఇద్దరు కజిన్ల దగ్గర తీసుకోలేదు. వాళ్లు బదులుగా సబ్‌టైటిళ్ల ఇంగ్లీషు సరిచేసి పెట్టారు, అదే ఎక్కువ ఉపయోగపడింది.

ఐదో మెట్టు: వీడియో

రెండు నిమిషాలు. మీ మొహం కనిపించాలి, మీ గొంతు వినిపించాలి, ఎంత కావాలో మొదటి నిమిషంలోనే అంకె చెప్పాలి. నేను అందంగా ఉంటుందని ఉదయం ఆరింటికి అగర చెరువు గట్టుమీద తీశాను. గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. మళ్లీ గదిలో, కిటికీకి దుప్పటి కట్టి తీసిందే పెట్టాను. డ్రోన్ షాట్లు వద్దు. డ్రోన్‌కి డబ్బున్నవాడికి మనమెందుకివ్వాలి అనుకుంటారు.

ఆరో మెట్టు: ఏం తిరిగి ఇస్తారు

టీషర్టుల జోలికి పోకండి. సైజులు, కొరియర్లు, చిరునామాల్లో పిన్‌కోడ్ తప్పులు, ఇవన్నీ చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. నేను పెట్టినవి: ఎంతిచ్చినా తెరమీద పేరు, సినిమా లింకు. 2,000 పైన స్క్రిప్టు పీడీఎఫ్, మేకింగ్ ఫొటోలు. 5,000 పైన ప్రదర్శనకు ఇద్దరికి పిలుపు. 20,000 పైన ఎడిటింగ్ గదిలో ఒక సాయంత్రం. చివరిది నలుగురు తీసుకున్నారు. అందులో ఒకాయన రిటైర్డ్ తెలుగు మేష్టారు. ఎడిట్‌లో కూర్చుని 'ఈ సీన్లో తండ్రి ఇంతసేపు మాట్లాడడు' అన్నారు. ఒకటిన్నర నిమిషం కోసేశాం. సినిమా బాగుపడింది.

తెరమీద పేరు తేలిక అనుకుంటారు. మన పేర్లు ఇంగ్లీషులో ఒకలా, తెలుగులో ఇంకోలా ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న ఇంగ్లీషు పేరు చూసి నేనే తెలుగులో టైప్ చేశాను. ఒకావిడ తన తండ్రి జ్ఞాపకంగా ఇచ్చారు. ఆయన ఇంటిపేరులో 'ల'కి బదులు 'ళ' వేశాను. ఆవిడ ఏమీ అనలేదు, ఒక వారం తర్వాత ఆయన పాత పెళ్లి శుభలేఖ ఫొటో తీసి పంపించారు, ఇంటిపేరు కింద గీత గీసి. సిగ్గుతో చచ్చాను. కాబట్టి ఫారమ్‌లో ఒక గడి పెట్టండి: 'తెరమీద మీ పేరు ఎలా కనిపించాలో తెలుగులో మీరే రాయండి.'

'సహనిర్మాత' అనే మాట చవగ్గా పంచొద్దు. 1957 కాపీరైటు చట్టంలో నిర్మాత అంటే సినిమాకు చొరవ తీసుకుని బాధ్యత మోసినవాడు, హక్కులు మొదట అతనివే. ఎవరికైనా ఆ పేరు ఇస్తే అది గౌరవం మాత్రమేనని, హక్కులు లేవని మెయిల్లో రాసి, సరేనన్న జవాబు తీసుకోండి.

ఏడో మెట్టు: ముప్పై రోజులు

బెంగళూరులో తేదీ ఎంచుకోవడం అంటే జీతం తేదీ ఎంచుకోవడమే. నెల చివర్లో జీతాలు పడ్డాక, ఒకటో తేదీకి అటూ ఇటూగా మొదలుపెట్టండి. ఇరవయ్యో తేదీన అడిగితే అందరూ 'వచ్చే నెల చూద్దాం' అంటారు, వచ్చే నెల గుర్తుండదు. సంక్రాంతి, దసరా ముందు వద్దు, ఊరెళ్లే బస్సు టికెట్ల రేట్లకే ఏడుస్తుంటారు. మార్చి కూడా వద్దు, పన్ను కోతలతో జీతం సన్నబడి ఉంటుంది.

మొదలుపెట్టిన రోజున పేజీ సున్నా దగ్గర ఉండకూడదు. 'అడగకపోయినా ఇస్తారు' వరసవాళ్లకి వారం ముందే చెప్పి, మొదటి మూడు రోజుల్లోనే వేయమనండి. ఖాళీ హుండీలో మొదటి నాణెం వేయడానికి అందరూ మొహమాటపడతారు.

గ్రూపుల్లో మెసేజ్ పడేయడం అడగడం కాదు. ఒక్కొక్కరికీ విడిగా రాయాలి. బాబాయికి నేను రాసింది:

'బాబాయ్, నమస్తే. తాతయ్య ఒకసారి హైదరాబాద్ వచ్చి మీ ఇంట్లో రాత్రంతా నిద్రపోకుండా కూర్చున్న సంగతి మీరు చెప్పారు కదా, దానిమీదే చిన్న సినిమా తీస్తున్నాను. మొత్తం 5,30,000 కావాలి, తెలిసినవాళ్లందరినీ అడుగుతున్నాను. మీరు 5,000 ఇస్తే ఒక రోజు కెమెరా అద్దె వెళ్లిపోతుంది. వీలు కాకపోయినా పర్లేదు, పిన్నికి మాత్రం నేను సినిమా తీస్తున్నట్టు ఇప్పుడే అమ్మకి చెప్పొద్దనండి.'

ఆఫీసు స్నేహితుడికి ఇంత అక్కర్లేదు: 'కాఫీ మిషన్ దగ్గర చెప్పిన కథ గుర్తుందా? తీస్తున్నా. 2,000 వేస్తావా? ఇవాళ 61 మంది అయ్యారు.' రెండింట్లోనూ అంకె ఉంది చూడండి. 'మీకు తోచినంత' అంటే ఎదుటివాడికి టెన్షన్, ఎక్కువేస్తే నష్టం, తక్కువేస్తే నామోషీ. అంకె చెప్తే అతని పని తేలికవుతుంది. జవాబు రాకపోతే పది రోజులకి ఒక్కసారి గుర్తుచేయండి. రెండోసారి వద్దు. రేపు అదే మనిషితో అదే లిఫ్టులో ఎక్కాలి.

పదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా ఏమీ రాదు. నాకు పదకొండు రోజుల్లో 9,500 వచ్చింది. ఫోన్ పట్టుకుని పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చోకుండా ఆ రోజుల్లో రిహార్సల్ వీడియోలు, లొకేషన్ ఫొటోలు పెట్టండి. చివరి మూడు రోజుల్లో మళ్లీ కదులుతుంది.

ఒక రాత్రి ఆఫీసునుంచి వస్తుంటే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న గేటు దగ్గర ఆపాడు. కళ్యాణదుర్గం వైపు మనిషి. "మీరు సినిమా తీస్తాన్రంట కదా సార్" అని జేబులోంచి రెండు వందల నోటు తీశాడు. వద్దన్నాను. "ఏం సార్, నాది చెల్లదా?" అన్నాడు. తీసుకున్నాను. ఆ రాత్రే తెరమీద పేర్లు అక్షరక్రమంలో, అందరివీ ఒకే సైజులో వేయాలని నిర్ణయించాం.

ఎనిమిదో మెట్టు: డబ్బు వచ్చాక

30వ రోజుకి 5,41,200 వచ్చింది. మర్నాటినుంచి మీరు దర్శకుడే కాదు, గుమస్తా కూడా. పదిహేను రోజులకి ఒకసారి అందరికీ మెయిల్: ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. వాన వల్ల ఐదో రోజు పెరిగిందని, దానికి 6,820 భోజనాలకే అయిందని నేను రాస్తే, ముగ్గురు ఫోన్ చేసి ఇంకా కావాలా అని అడిగారు. మెయిల్స్ ఆపేసిన నెలలో మాత్రం ఒకరి దగ్గరనుంచి 'సినిమా ఉందా, ఆగిపోయిందా?' అని వచ్చింది. మిక్సింగ్ ఆలస్యమైంది, మంచి వార్త వచ్చాక రాద్దామని ఊరుకున్నాను. చెడ్డ వార్తయినా రాసెయ్యండి.

తొమ్మిదో మెట్టు: చూపించడం, బాకీ తీర్చడం

యూట్యూబ్‌లోనో ఓటీటీలోనో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. థియేటర్‌లో ప్రజలకు ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ మూడింట్లోనూ బోర్డు ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. ఫెస్టివల్స్‌కి పంపే ఆలోచన ఉంటే ముందే యూట్యూబ్‌లో పెట్టేయకండి, ఇంకెక్కడా చూపించని సినిమానే కావాలనేవి చాలా ఉన్నాయి. అప్పటిదాకా డబ్బిచ్చినవాళ్లకి పాస్‌వర్డ్ ఉన్న లింకు పంపండి. 1971లో మొదలై ఇప్పుడు బనశంకరిలో ఉన్న సుచిత్రా ఫిల్మ్ సొసైటీ లాంటి చోట్లకి సినిమా తీయకముందునుంచే వెళ్తుంటే, ఎక్కడ చూపించాలి, ఎవరిని పిలవాలి అన్నది అక్కడి మనుషులే చెప్తారు.

ప్రదర్శన అయ్యాక పుస్తకం తీసి ఒక్కో పేరు పక్కన టిక్ పెట్టాను: లింకు వెళ్లిందా, స్క్రిప్టు వెళ్లిందా, పిలిచానా. 125 టిక్కులు పడ్డాయి. మిగిలింది వాచ్‌మన్ అన్న. ఆయనది బటన్ల ఫోన్, లింకు పంపితే ఏం లాభం? ఒక రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ పట్టుకుని గేటు పక్క గదిలో ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకున్నాను. 38 నిమిషాల సినిమాలో మూడుసార్లు గేటు తీయడానికి లేచాడు, మూడుసార్లూ పాజ్ కొట్టాను. చివర్లో పేర్లు వచ్చాయి. తన పేరు దగ్గర వేలు పెట్టి ఆపమన్నాడు. ఆపాను. కాసేపు చూశాడు.

"ఊరు పేరు ఎయ్యలేదే సార్?" అన్నాడు.

ఫారమ్‌లో ఆ గడి కూడా పెట్టండి.